రెండో అచ్చు ఎవరి చేతుల్లో?

పాత గ్రామఫోను రికార్డులు మళ్లీ అచ్చవుతున్నాయి. అమెరికా, ఇంగ్లండ్, జపాన్ దేశాల్లో చిన్న చిన్న సంస్థలు అరవైలలో, డెబ్బైలలో వచ్చి ఎవరికీ పట్టకుండా పోయిన ఫంక్, సోల్, జాజ్ రికార్డులను వెదికి పట్టుకుంటున్నాయి. మాతృక టేపు దొరికితే దాని నుంచి, దొరక్కపోతే ఎవరి ఇంట్లోనో మిగిలిన ఒక్క ప్లేటు నుంచి ధ్వనిని తీసి, శుభ్రం చేసి, మళ్లీ వినైల్ మీద ముద్రిస్తున్నాయి. ఈ సంగీతాల వేళ్లు నల్లజాతి జీవితంలో ఉన్నాయి. చర్చిలో పాడుకున్న పాట వీధిలోకి వచ్చి సోల్ అయింది. అందులోంచి లయే ప్రధానమై, శరీరాన్ని ఊరుకోనివ్వని ఫంక్ పుట్టింది. వీటి సేకరణ ఇవాళ పెద్ద వ్యాపారం, పెద్ద మోజు కూడా. ఆ మోజు సంగతి నాకెందుకు గానీ, ఒక ప్రశ్న మాత్రం నన్ను వదలడం లేదు. మొదటి అచ్చులో నోరు నొక్కేసిన గొంతు రెండో అచ్చులో తిరిగి వచ్చినప్పుడు, ఏ షరతుల మీద వస్తోంది? ఎవరి కోసం వస్తోంది?

బెట్టీ డేవిస్ కథ చూడండి. ఆమె నల్లజాతి గాయని. తన పాటలు తనే రాసుకుంది. జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్‌కి కొద్దికాలం భార్య కావడంతో చరిత్రకారులు చాలాకాలం ఆమెను ఆ ఒక్క మాటతోనే సరిపెట్టారు. 1973లో ఆమె మొదటి రికార్డు వచ్చింది. స్త్రీ తన కోరికను తానే, సిగ్గు పడకుండా, బొంగురు గొంతుతో పాడితే ఏమవుతుందో అదే అయింది. రేడియోలు వేయలేదు. జాతి గౌరవానికి భంగమని నల్లజాతి హక్కుల సంఘమైన ఎన్.ఎ.ఎ.సి.పి. వాళ్లే అభ్యంతరం చెప్పారు. మూడు రికార్డుల తర్వాత ఆమె క్రమంగా రంగం నుంచి తప్పుకుని పిట్స్‌బర్గ్ దగ్గర ఒక చిన్న ఊళ్లో మౌనంగా బతికింది. 2007లో సియాటిల్‌కు చెందిన ఒక చిన్న సంస్థ ఆమె తొలి రెండు రికార్డులను మళ్లీ అచ్చు వేసింది. అప్పుడు లోకానికి ఆమె 'కాలం కంటే ముందు పుట్టిన మనిషి'గా కనిపించింది. 2022లో చనిపోయింది. ముప్పై నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చిన గౌరవం అది.

ఈ కథ తెలుగు స్త్రీలకు కొత్తది కాదు. మనకు ముద్దుపళని ఉంది. 18వ శతాబ్దపు తంజావూరులో, ప్రతాపసింహుని ఆస్థానంలో 'రాధికా సాంత్వనము' రాసిన ముద్దుపళని తన పీఠికలో వంశాన్ని స్త్రీల వైపు నుంచి చెప్పుకుంది. 1887లో పైడిపాటి వెంకటనరసు ఆ కావ్యాన్ని అచ్చు వేసినప్పుడు ఆ పీఠికే ఎగిరిపోయింది, కొన్ని పద్యాలూ పోయాయి. కందుకూరి వీరేశలింగం పంతులు గారికి ఆ శృంగారం ఆడదాని నోట వినరానిదిగా తోచింది. దానిని మళ్లీ అచ్చు వేసే పనికి పూనుకున్నది బెంగళూరు నాగరత్నమ్మ. వ్రాతప్రతి సంపాదించి, తీసేసిన వాటిని తిరిగి చేర్చి, తన పేరుతో, తన పీఠికతో 1910లో వావిళ్ల వారి చేత ప్రచురింపజేసింది. సిగ్గు ఆడవాళ్లకే ఉండాలా, మగవాళ్లకు అక్కర్లేదా అని పంతులు గారినే నిలదీసింది. మరుసటి ఏడాదే పోలీసులు ప్రతులను పట్టుకున్నారు, ఆపైన నిషేధం వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులు 1946-47లో మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు.

నాగరత్నమ్మను మనం పుస్తకం వైపు నుంచి చాలాసార్లు తలుచుకున్నాం. ఆమె గ్రామఫోను గాయని కూడానన్న సంగతి అంతగా తలుచుకోలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పునర్ముద్రణ అంటే ఏమిటో కొత్తగా అర్థమవుతుంది. ఆమె చేసిన పని అరుదైన వస్తువుని సేకరించి అపురూపంగా దాచుకోవడం కాదు. కత్తిరించిన దాన్ని పూర్తి చేయడం, కవయిత్రి చెప్పుకున్న స్త్రీల వంశాన్ని ఆమెకు తిరిగి ఇవ్వడం, అశ్లీలమన్న మాటకు బహిరంగంగా జవాబు చెప్పడం, ఆ జవాబుకి తన పేరు పెట్టుకోవడం. అన్నిటికీ మించి, ముద్దుపళని కులవృత్తిలోనే పుట్టిన స్త్రీ ముద్దుపళనిని తిరిగి తీసుకు రావడం.

మన దేశంలో గ్రామఫోను చరిత్రే ఆ స్త్రీలతో మొదలైంది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చినప్పుడు బూరా ముందు కూర్చుని పాడిన వాళ్లలో గౌహర్ జాన్ ప్రముఖురాలు. ఆ తర్వాతి సంవత్సరాల్లో దక్షిణాదిన సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి, నాగరత్నమ్మ పాడారు. యంత్రంలో పాడితే గొంతు పోతుందనీ, పాట ఎక్కడపడితే అక్కడ, ఎవరు పడితే వారు వింటారనీ పెద్ద పెద్ద విద్వాంసులు జంకిన రోజులవి. పరువు అనే దాన్ని సంఘం ముందే లాగేసుకున్న స్త్రీలకు ఆ జంకు లేదు. మూడు నాలుగు నిమిషాల్లో ఒక రాగాన్ని ముగించాలనే కొత్త విద్యను వాళ్లే నేర్చుకున్నారు, మిగతా వాళ్లకు నేర్పారు. పాట చివర గౌహర్ జాన్ తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి గనుక, అక్కడి పనివాళ్లకు ఏది ఎవరి పాటో తెలియడానికి చేసిన ఏర్పాటు అది. ఉద్దేశం ఏదైనా, ఒక స్త్రీ తన పేరును తన గొంతుతోనే చరిత్రలో నమోదు చేసింది. ఆ ప్లేట్లకు ముడిసరుకు లక్క. ఛోటానాగపూర్ అడవుల్లో పురుగులు పెట్టిన లక్కే మన చేతులకు గాజులైంది, వాళ్ల గొంతులకు పలకైంది.

ఆ తర్వాత జరిగింది మనకు తెలిసిందే. సంస్కరణ పేరుతో కళావంతుల బతుకుతెరువును అనైతికమన్నారు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. దాని అవసరాన్ని నేను కాదనను. ఆడపిల్లలను దేవుడికి ముడిపెట్టే ఆచారం పోవలసిందే. కానీ ఆచారంతో పాటు ఆ స్త్రీల విద్యనూ పక్కకు నెట్టారు. సర్దార్ పటేల్ ప్రసార శాఖ చూస్తున్నప్పుడు, 'వ్యక్తిగత జీవితం బాగోలేని' వాళ్లను ఆకాశవాణిలో పాడనివ్వకూడదని ఆదేశాలు వచ్చాయి. అదే కాలంలో మన రంగస్థలం మీద స్థానం నరసింహారావు గారు సత్యభామగా జేజేలు అందుకున్నారు, 1956లో పద్మశ్రీ పొందారు. ఆయన ప్రతిభకు నమస్కారమే. కానీ స్త్రీ హావభావాలు మగవాడి దగ్గర కళ, స్త్రీ దగ్గర నడత! దేశభక్తి గీతాలు పాడిన టంగుటూరి సూర్యకుమారి గారి వంటి 'మంచి ఇళ్ల' ఆడపిల్లలకు రికార్డులోకి దారి తెరుచుకుంది. ఆమె పాడిన తెలుగు తల్లి గీతం ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతంగా నిలిచింది. గాయని మాత్రం 2005లో లండన్‌లో కన్ను మూసింది. ఆ పాటకు చేతులు కట్టుకుని నిలబడే మనలో ఎంతమందికి ఆమె పేరు తెలుసు?

ఇప్పుడు మళ్లీ ఈనాటి అంగడి దగ్గరికి వద్దాం. రూపా బిశ్వాస్ అనే బెంగాలీ యువతి కెనడాలోని కాల్గరీలో, ఆశిష్ ఖాన్ సరోద్‌తో, 'డిస్కో జాజ్' అనే రికార్డు పాడింది. 1982లో మన దేశంలో అది విడుదలై ఎవరికీ వినపడకుండానే మునిగిపోయింది. ఆమె సంసారంలో పడింది. దశాబ్దాల తర్వాత, ఆమెకు తెలియకుండానే, ఆ పాత ప్లేటు విదేశాల్లో వందల డాలర్లకు చేతులు మారుతోంది. ఆ సంగతి ఆమె కొడుకు కనిపెట్టాడు. 2019లో ఒక అమెరికన్ సంస్థ దాన్ని సక్రమంగా పునర్ముద్రించింది. సంతోషించవలసిన విషయమే. కానీ ఆలోచించండి: ఇంట్లో గరిటె తిప్పుతున్న మనిషి గొంతు బయట బంగారం వెలకి అమ్ముడుపోతుంటే, పాడిన మనిషికి పైసా చేరకపోవడం కేవలం దురదృష్టమా?

కాదు, అందులో చట్టం కూడా ఉంది. మన కాపీరైటు చట్టం ప్రకారం రికార్డుకు యజమాని పాడిన మనిషి కాదు, తయారు చేయించిన సంస్థ. విడుదలై అరవై ఏళ్లు దాటితే ఆ రికార్డు ఎవరిదీ కాదు, అందరిదీ. గాయకులకంటూ ఒక హక్కు 1994 దాకా చట్టంలో లేనే లేదు. రాయల్టీలో వాటా అనే మాట 2012 సవరణతో గట్టిగా వచ్చింది. అప్పటికి కళావంతుల తరం వెళ్లిపోయింది. ఒక్కసారి ఇచ్చిన రొక్కంతో వాళ్ల లెక్క ముగిసింది. కనుక పాత ప్లేట్ల పునర్ముద్రణలో డబ్బు న్యాయం చేసే దారి దాదాపు మూసుకుపోయింది. మిగిలింది పేరు, చరిత్ర, వాళ్ల గురించి చెప్పే మాట. కనీసం వాటిలోనైనా న్యాయం జరగాలి కదా.

ఇదంతా రాస్తుంటే నా ఆలోచన మా వైపుకే పోతోంది. నాది నందిగాం. టెక్కలికీ పలాసకీ మధ్య, కలకత్తా నుంచి మద్రాసు వెళ్లే రహదారి మీద ఉంది. ప్లేట్లు అచ్చయిన డమ్‌డమ్ కార్ఖానా ఉన్న కలకత్తాకీ, పాటగాళ్లున్న మద్రాసుకీ నడుమ రైళ్లు మా పలాస మీదుగానే పోతాయి. పెళ్లికీ, అమ్మోరి సంబరానికీ మైకుసెట్టులో ప్లేట్లు మోగేవి. అంటే రికార్డు మా దగ్గరికి వచ్చింది. మా ఆడవాళ్ల గొంతు మాత్రం రికార్డులోకి పోలేదు. ఉడుపుల్లో, దంపుళ్లలో పాడిన పాటలు, ఉద్దానం తోటల్లో పాడుకున్నవి, పలాస జీడి కార్ఖానాల్లో పిక్కలు కొట్టి, పొట్టు తీసి, జీడి రసానికి చేతులు నల్లబడిన వాళ్లు పాడుకున్నవి ఏ కంపెనీకీ సరుకు కాలేదు. వీటికి రెండో అచ్చు మాట దేవుడెరుగు, మొదటి అచ్చే లేదు.

మొదటి అచ్చు వచ్చినప్పుడు ఎలా వస్తుందో కూడా చూశాం. 2020లో వచ్చిన 'పలాస 1978' సినిమాలో నక్కిలీసు గొలుసు పాట ఊరూరా మోగింది. మా యాస అంత దూరం పోయినందుకు గర్వపడ్డాను. పాట మీద ఉన్న పేరు 'ఉత్తరాంధ్ర జానపదం'. అబద్ధమేమీ కాదు. కానీ జానపదం అనే ఒక్క మాట కింద ఎంతమంది పేర్లు పూడిపోతాయి! మా ఊళ్లో దంపుడు పాట పాడిన ఒక ముసలామెను నేను అడిగాను, 'ఈ పాట ఎవరు కట్టారు మామ్మా?' అని. 'ఎవులు కట్టినారో నాకేటెరుక? మా యమ్మ పాడీది. మా యమ్మకి ఆలమ్మ నేర్పింది,' అంది. పండితులు దీన్ని 'అజ్ఞాత కర్తృకం' అని రాసుకుంటారు. నాకు మాత్రం అది ముద్దుపళని పీఠికలా వినిపించింది. తల్లి, తల్లికి తల్లి. కర్త తెలియకపోవచ్చు, వంశం తెలుసు. వెంకటనరసు అచ్చులో ఎగిరిపోయిందీ అలాంటి వంశమే.

అందుకే పునర్ముద్రణ అనగానే చప్పట్లు కొట్టడం, లేదా వ్యాపారమని తీసిపారేయడం, రెండూ నాకు చాలవు. 1910లోనే నాగరత్నమ్మ మనకొక కొలబద్ద ఇచ్చి పోయింది. తీసేసిన దాన్ని తిరిగి చేర్చారా? పాడిన మనిషి ఎవరి బిడ్డో, ఎవరి దగ్గర నేర్చిందో చెప్పారా? ఆమె నోరెందుకు మూయించారో, మూయించిన వాళ్లెవరో రాశారా? ఆమె బతికి ఉంటే అడిగి వేశారా, పంచి ఇచ్చారా? ఉద్దానంలో రేపు ఎవరైనా ఫోను పట్టుకుని ఒక దంపుడు పాటను రికార్డు చేసినా ఈ ప్రశ్నలే. పాటకు ముందు ఆ మామ్మ పేరు, ఆమె తల్లి పేరు, ఊరి పేరు ఆమె ఇష్టపడితే ఆమె నోటితోనే చెప్పించండి. గౌహర్ జాన్ పేరు జర్మనీ పనివాళ్ల అవసరం కోసం మిగిలింది. మన ఆడవాళ్ల పేర్లు మిగలడానికి మన అవసరం చాలదా?