ఫాదర్ డామియన్ (1840–1889)

బెల్జియంలోని ట్రెమెలోలో పుట్టిన కతోలిక గురువు. అసలు పేరు జోసెఫ్ డి వూస్టర్. హవాయిలో కుష్ఠురోగులను మొలొకాయి దీవికి వెలివేస్తున్న రోజుల్లో, 1873లో, కోరి అక్కడికి వెళ్లారు. ప్రసంగాలతో సరిపెట్టలేదు. పుళ్లు కడిగి కట్లు కట్టారు, ఇళ్లు లేపారు, శవపేటికలు చేసి గోతులు తవ్వారు. రోగులతో కలిసి ఒకే గిన్నెలో తిన్నారు. వైద్యుల లెక్కలో అది తెగింపే. 1884లో వేడినీళ్లకు కాలు బొబ్బలెక్కినా ఆయనకు నొప్పి తెలియలేదు. వ్యాధి సోకిందని అలా బయటపడింది. అయినా పని ఆపలేదు. మొండివాడని పైవారు విసుక్కునేవారు, అందులో కొంత నిజం ఉంది. మరణానంతరం ఆయన శీలంపై వచ్చిన నిందలను రచయిత స్టీవెన్‌సన్ 1890లో బహిరంగ లేఖ రాసి గట్టిగా తిప్పికొట్టారు. 2009లో పోప్ 16వ బెనెడిక్ట్ ఆయనను పునీతుడిగా ప్రకటించారు.