దత్తమండలాలలో స్కాట్లండ్ వారి ప్రభావం: మన్రో, మెకంజీల కృషి – ఒక పరిశీలన

ఈస్టిండియా కంపెనీ కొలువులో 18వ శతాబ్ది చివరినాటికి స్కాట్లండ్ వారి సంఖ్య, ఆ దేశ జనాభాతో పోల్చిచూస్తే, చాలా ఎక్కువ. 1707లో ఇంగ్లండుతో జరిగిన ఏకీకరణ వారికి సామ్రాజ్య ద్వారాలు తెరిచింది. కంపెనీ వ్యవహారాలపై పెత్తనం వహించిన హెన్రీ డండాస్ స్వయంగా స్కాట్లండ్ వాడు కావడం కొంత కారణమైతే, స్వదేశంలో చదువుకు తగిన ఉద్యోగాలు లేకపోవడం మరింత బలమైన కారణం. వీరిని వలసదారులనడం పూర్తిగా సరికాదు. స్థిరపడడానికి గాక నాలుగు డబ్బులు కూడబెట్టుకొని తిరిగిపోవడానికి వచ్చినవారే ఎక్కువ. అయినా తెలుగునేలపై వారు వేసిన ముద్ర స్థిరనివాసులు వేసిన ముద్రకు తీసిపోదు.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో జన్మించాడు. వర్జీనియాతో వర్తకం చేసిన అతని తండ్రి అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో దివాలా తీశాడు. ఒక వలస చేజారినందువల్ల చితికిన కుటుంబంలోని కొడుకు మరొక వలసను నిలబెట్టడానికి 1780లో మద్రాసు చేరాడు. 1800లో నిజాం నుండి కంపెనీకి సంక్రమించిన బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలకు ప్రధాన కలెక్టరై, 1807 వరకు ఆ పదవిలో ఉన్నాడు.

అక్కడ అతడు మొదట చేసిన పని పాలెగాళ్ళ అణచివేత. దీనిని స్కాట్లండ్ చరిత్రతో కలిపి చదవవలసి ఉంది. 1746లో కలోడెన్ యుద్ధం ముగిశాక, హైలాండ్ తెగల పెద్దలకు వంశపారంపర్యంగా ఉన్న న్యాయాధికారాలను 1747నాటి చట్టం రద్దుచేసింది, ఆయుధాలు లాక్కున్నారు. అర్ధశతాబ్ది తరవాత దత్తమండలాలలో జరిగినదీ దాదాపు అదే. కోటలు కూలాయి, సాయుధ బలగాలు చెదిరిపోయాయి, పన్ను వసూలు చేసే హక్కు కచ్చేరీకి చేరింది. మన్రో ఆ అనుభవాన్ని తెలిసి అనుకరించాడనడానికి నేను సాహసించను. కాని రాజుకూ రైతుకూ నడుమ మరొక అధికారం ఉండరాదన్న భావన అతని తరం స్కాట్లండ్ వారికి కొత్తది కాదు.

రైతువారీ విధానాన్ని కరుణకు నిదర్శనంగా చూపడం మన చరిత్ర రచనలో పరిపాటి. రైతు పేర నేరుగా పట్టా ఇవ్వడం నిజమే. శిస్తు భారంగా ఉండడమూ నిజమే. దానిని 25 శాతం తగ్గించాలని 1807లో మన్రోయే సిఫారసు చేశాడు. పై అధికారులు అంగీకరించలేదు. గ్రామాలను ముందు 3 ఏళ్ళకు, తరవాత 10 ఏళ్ళకు గుత్తకిచ్చారు. ఆ పద్ధతి దెబ్బతిన్నాకనే రైతువారీ తిరిగి వచ్చింది. 1820లో గవర్నరైన మన్రో, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ప్రజల అభిమానాన్ని కాదనలేము. అయితే ఆ అభిమానం శిస్తు లెక్కలకు జవాబు కాదు.

కాలిన్ మెకంజీ దారి వేరు. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో సుంకాల ఉద్యోగిగా ఉన్న అతడు, సంవర్గమానాల సృష్టికర్త జాన్ నేపియర్ జీవితచరిత్ర కోసం హిందూ గణితంపై ఆసక్తి పెంచుకొని, 1783లో ఈ దేశానికి వచ్చాడు. మైసూరు సర్వేకు నాయకత్వం వహిస్తూ గొలుసులతో నేలను కొలిపించాడు. దానితోపాటు శాసనాలు, తాళపత్రాలు, గ్రామ కైఫీయత్తులు సేకరింపజేశాడు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు.

“సేకరింపజేశాడు” అన్న మాటను గమనించాలి. దేశభాషలలో మెకంజీకి తగిన ప్రవేశం లేదు. ఊరూరా తిరిగి కరణాలను ఒప్పించి కవిలెలు చూసినవారు, శాసనాల లిపి విప్పినవారు కావలి వెంకట బొర్రయ్య, అతని సోదరుడు లక్ష్మయ్య, వారి వెంట నడిచిన సహాయకులు. భారతీయ విజ్ఞానంలోకి తనకు దారి చూపినవాడు బొర్రయ్యేనని మెకంజీ 1817లో రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. ఆ కృతజ్ఞత నిజాయతీ గలదే. 1803లోనే మరణించిన బొర్రయ్యకు అది అందలేదు.

మెకంజీ 1821లో మరణించగా, ఆ సంపుటాలను కంపెనీ అతని భార్య నుండి కొన్నది. 1828లో హెచ్. హెచ్. విల్సన్ వాటికి సూచిక ప్రచురించాడు. మధ్యలో ఆగిన పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చాడు. 1830వ దశకంలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పరిశీలించి, అటువంటి పనిని నడిపించే యోగ్యత అతనికి లేదని తేల్చింది. అప్పటికి ఆ పనిని అతడు రెండు దశాబ్దాలకు పైగా చేసి ఉన్నాడు.