రాగిరేకుపై చెక్కిన దుఃఖం

మన పెనుకొండ ఒకప్పుడు రాజధాని. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు ఇక్కడికి తరలివచ్చారు. ఆ వంశంలోని రెండవ వేంకటపతి రాయలు చంద్రగిరికి మారిన పిమ్మట, 1598లో వచ్చిన జెసూట్ పాదరీలను ఆదరించారు. వారిలో చిత్రకారులను కూడా కొలువులో ఉంచుకున్నారు.

ఆ రోజుల్లో ఐరోపా బొమ్మలు ఉత్తరాన మొగలుల కొలువుకూ చేరాయి. వాటిలో ఒకటి, జర్మనీ కళాకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1511లో రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన క్రీస్తు సిలువ దృశ్యం. 1600 ప్రాంతంలో అబుల్ హసన్ అనే పదమూడేళ్ళ బాలుడు దాన్ని చూసి బొమ్మ గీశాడు. సిలువను మాత్రం గీయలేదు. దాని పక్కన చేతులు ముడిచి, పైకి చూస్తూ నిలబడిన శిష్యుడు యోహానును ఒక్కడినే గీశాడు. ఆ బొమ్మ ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లోని అష్మోలియన్ మ్యూజియంలో ఉంది.

బాధపడేవారి బాధ అందరికీ కనబడుతుంది. పక్కనే ఉండి, ఏమీ చేయలేక చూసేవారి బాధ ఎవరికి కనబడుతుంది? మంచం పట్టిన జీవిత భాగస్వామికి సేవ చేస్తున్న మన సభ్యులకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మతం వేరైనా, దేశం వేరైనా ఆ పిల్లవాడి కంటికి అది కనబడింది. మన సంఘం తరఫున అటువంటి ఇళ్ళకు వెళ్ళినప్పుడు, రోగితోపాటు సేవ చేసేవారినీ ఒక్క మాట పలకరిద్దాం.