బేరం గడప దాటిన వైనం

పెబ్బేరు సంతలో ఎడ్ల బేరం నోటితో జరగడం నేను చిన్నప్పుడు చూడలేదు. అమ్మే రైతు ఓ పక్క, కొనేవాడు ఓ పక్క, మధ్యలో దళారి. భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పేవాడు. ఆపైన మాట్లాడేవి వేళ్లే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, అయిదూ కలిపి పట్టుకుంటే అయిదు. వందలా వేలా అన్నది ఎద్దును చూస్తేనే తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు. చుట్టూ పది మంది మూగినా ఎవరు ఎంత అడిగారో, రైతు ఎంతకు దిగాడో మూడోవాడికి తెలిసేది కాదు.

ఇది మోసానికి పుట్టిన ఆచారమని పట్నంలో చాలామంది అనుకుంటారు. మోసం ఉంది, కాదనను. దళారి అమ్మేవాడి వేళ్లకో లెక్క, కొనేవాడి వేళ్లకో లెక్క చెప్పి మధ్యలోది మింగిన సందర్భాలు మా నాన్న నోట బోలెడు విన్నాను. కానీ ఆ గుడ్డ ఇంకో పని కూడా చేసేది. సగం ధర అడిగినవాడి మాట బయటికి రాదు గనక తర్వాత వచ్చినవాడు ఆ సగం దగ్గర మొదలుపెట్టలేడు. అమ్మేవాడి పరువు నలుగురిలో పోదు. పైగా కొనేవాళ్లను అదుపులో పెట్టేదీ దళారే. పళ్లు చూడొచ్చు, తోక మెలిపెట్టొచ్చు, కాడి కట్టి నాలుగడుగులు నడిపించొచ్చు. మూడోసారి నోరు తెరిపించబోతే మాత్రం ‘‘కొనెటోనివా, పండ్ల డాక్టరువా?’’ అని గదమాయించేవాడు. జనం నవ్వేవాళ్లు. వాడు కొనడమో పోవడమో తేల్చుకోవలసిందే. మాట కుదిరాక బయానా చేతిలో పడాలి. మనసు మార్చుకుంటే ఆ బయానా పోయినట్టే. ఉత్తినే కాలక్షేపానికి ఎడ్లను అడిగి చూసేవాళ్లు అందుకే తక్కువ.

అలాగని పాతకాలంలో కొనేవాళ్లంతా బుద్ధిమంతులని నేనెక్కడా చెప్పబోవడం లేదు. కూరగాయల బజారులో పొద్దున్నే బోణీ వేళ చూసుకుని వచ్చే జనం ఉండేవారు, ఇప్పటికీ ఉన్నారు. మొదటి బేరాన్ని వెనక్కి పంపితే రోజంతా బాగుండదన్న భయం అమ్మే ఆడవాళ్లది. ఆ భయాన్ని పట్టుకుని పది రూపాయల కట్ట నాలుగుకు అడుగుతారు. ఇవ్వకపోతే లేచి రెండడుగులు వేస్తారు, వెనక్కి పిలుస్తుందని తెలుసు. అయితే ఆ అమ్మ కూడా ఊరుకోదు. బేరమాడి బోణీ చెయ్యకుండా పోయినవాణ్ని వీధి చివరిదాకా వినబడేలా తిడుతుంది. తిట్టే హక్కు ఆమెకుందని బజారంతా ఒప్పుకుంటుంది. హైదరాబాదులో గురువారం నాటి జుమ్మేరాత్ బజారులోనూ, ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరా ఇదే న్యాయం. కొనేవాడు సతాయిస్తే పక్క దుకాణం వాడు కల్పించుకుంటాడు. అమ్మేవాడు అక్కడ ఒంటరి కాడు.

ఒంటరితనం పత్రికలతో మొదలైంది, కానీ వెంటనే కాదు. మన దేశంలో అచ్చయిన మొదటి పత్రిక 1780లో కలకత్తాలో హికీ అనే ఆయన పెట్టినది. దాన్నిండా ప్రకటనలే. మద్రాసు ‘హిందూ’ 1958 జనవరి దాకా మొదటి పేజీని ప్రకటనలకే ఇచ్చేది. వార్తలు చదవాలంటే పేజీ తిప్పాలి. మన ఇళ్లలో పాత సామాను పత్రికలో వేసి అమ్ముకోవడం మాత్రం చాలా ఆలస్యంగా అలవాటైంది. 1989లో ‘ఈనాడు’ జిల్లా పేజీలు మొదలుపెట్టడం దీనికి బాగా కలిసొచ్చింది. కరీంనగర్‌లో ఉన్న బీరువాకు గుంటూరు పాఠకుడితో పనేముంది?

నేను ఆబిడ్స్‌లో ఒక పత్రిక వాళ్ల క్లాసిఫైడ్స్ కౌంటర్లో పనిచేశాను. అప్పట్లో మాటకింత అని లెక్క. జనం మాటలు కొట్టేసుకుంటూ కౌంటర్ ముందే నిలబడి లెక్కపెట్టుకునేవాళ్లు. ‘మంచి స్థితిలో ఉన్న’ అన్నది మూడు మాటలు, ‘గుడ్‌కండిషన్’ కలిపి రాస్తే ఒకటి. చిరునామా వెయ్యడం ఇష్టం లేనివాళ్లకు బాక్స్ నంబరు ఇచ్చేవాళ్లం, దానికి రుసుము అదనం. జవాబులు మా ఆఫీసుకు వస్తాయి. నా వెనక చెక్క అరలు, ఒక్కో అరకు ఒక్కో నంబరు. రసీదు చూపించి ఉత్తరాలు తీసుకెళ్లాలి.

సంగీతం టీచరు ఒకావిడ వీణ అమ్మకానికి పెట్టింది నాకు బాగా గుర్తు. తంజావూరు వీణ అని, దంతపు పని ఉందని రాయించింది. వారం తిరిగేసరికి అర నిండిపోయింది. ఆవిడ ఇంటికి పట్టుకెళ్లలేదు, కౌంటర్ పక్క బెంచీ మీద కూచుని ఒక్కొక్కటే చించింది. ఒకడు వీణ గురించి ఒక్క ముక్క రాయకుండా ‘‘తమరే వాయిస్తారా? వయసెంత? ఒక ఫొటో పంపగలరు’’ అని రాశాడు. ఇంకొకడు ధరలో పదోవంతు అడిగి, ఇవ్వకపోతే పాపం తగులుతుందన్నాడు. కోనసీమ నుంచి ఒక నాదస్వరం విద్వాంసుడు మాత్రం మెట్లు మైనం మీద ఉన్నాయా, బుర్ర సొరకాయదా కాగితపు గుజ్జుదా అని వరసగా అడిగాడు. ఆవిడ ఆ ఒక్క ఉత్తరాన్ని బ్యాగులో పెట్టుకుంది. మిగతావి చింపి మా చెత్తబుట్టలో వేసి, ‘‘మీ బుట్ట పెద్దది కొనండమ్మా’’ అని వెళ్లిపోయింది. ఆ ఫొటో అడిగినవాడికి ఆవిడ పేరు తెలియదు, వీధి తెలియదు. వాడి ఆగడం మా బుట్టలోనే ఆగిపోయింది. ఆ అదనపు రుసుము దేనికో మా మేనేజరుకు కూడా అంత బాగా తెలియదనుకుంటాను.

వాహనాల వరస వేరు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ కోసం ఏళ్ల తరబడి కాచుకునే రోజులవి. అనుమతులు, కోటాల కాలంలో కంపెనీ చెయ్యగలిగినదానికన్నా అడిగేవాళ్లు ఎక్కువ. దాంతో వాడిన స్కూటరుకు కొత్తదాని కన్నా ఎక్కువ ధర పలికేది. అమ్మేవాడే రాజు. కొనేవాళ్లు పొద్దున్నే ఇంటి ముందు నిలబడి, కూతురి పెళ్లి చెప్పి, బావమరిది కలెక్టరేట్‌లో ఉన్నాడని చెప్పి, చివరికి కాళ్లు పట్టుకున్నంత పని చేసేవాళ్లు. అదీ వేధింపే, కాకపోతే దీనంగా ఉండేది. 1991 తర్వాత కొత్త బళ్లు వాయిదాల మీద దొరకడం మొదలయ్యేసరికి ఆ దీనత్వం పోయింది. పాత బండి కొనేవాడు ఇప్పుడు ఉపకారం చేస్తున్నట్టు వస్తాడు.

ఇదే సమయంలో ఫోన్ నంబరు ప్రకటనలోకి వచ్చింది. 1994 టెలికాం విధానానికి ముందు ల్యాండ్‌లైన్ కోసమూ ఏళ్లు ఎదురుచూడాల్సిందే. అందుకే చాలా ప్రకటనల్లో నంబరు పక్కన ‘పి.పి.’ అని ఉండేది. అంటే పక్కింటి ఫోను. మీ ఫ్రిజ్ ఎంతకిస్తారో చెప్పడానికి పక్కింటి మామిగారు వంట మధ్యలో లేచి పిట్టగోడ మీంచి కేకెయ్యాలి. ఈ మామిగార్లు గొప్ప జల్లెళ్లు. అర్ధరాత్రి చేసి ‘‘ఆవిడ ఉన్నారా’’ అనేవాడికి వాళ్లిచ్చిన సమాధానాలు అచ్చు వెయ్యడానికి పనికిరావు. సొంత ఫోన్లు వచ్చాక ఆ జల్లెడ పోయింది. మాట్లాడకుండా పెట్టేసే బ్లాంక్ కాల్స్ మొదలయ్యాయి. 1995లో సెల్‌ఫోన్ వచ్చినా తనకొచ్చిన కాల్‌కు ఎత్తినవాడే డబ్బు కట్టాలి గనక చాలామంది దాన్ని ప్రకటనలో వేసేవాళ్లు కాదు. 2003 మే నుంచి వచ్చే కాల్ ఉచితమైంది. ఇక ప్రతి ప్రకటనలోనూ పదంకెలే. కొనేవాడికి మిస్డ్ కాల్ ఇవ్వడం ఎటూ ఉచితమే.

ఆ రోజుల్లో నేను రోజూ రాసుకున్న ఇంకో మాట ఉంది: ‘మధ్యవర్తులు క్షమించగలరు.’ డబ్బు కట్టి మరీ వేయించేవాళ్లు. కమీషను మిగుల్చుకోవాలన్నది వాళ్ల ఆలోచన. దళారికిచ్చే ఆ నాలుగు డబ్బుల్లో ఎంత కాపలా కలిసి ఉందో ఎవరూ లెక్కెయ్యలేదు.

అమెరికాలో కథ వేరుగా మొదలైంది. పియర్ ఒమిడ్యార్ 1995లో పెట్టిన వేలం సైటే తర్వాత ఈబే అయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరినొకరు ఎలా నమ్మాలన్న ప్రశ్నకు ఆయన 1996లో ఒక ఉపాయం కనిపెట్టాడు. కొన్నవాడు అమ్మినవాడి మీద, అమ్మినవాడు కొన్నవాడి మీద అందరికీ కనబడేలా అభిప్రాయం రాయొచ్చు. ఒక రకంగా అది బోణీ చెయ్యనివాణ్ని బజారులో తిట్టే హక్కే. కానీ అమ్మేవాళ్లు దాన్ని కక్ష సాధింపుకు వాడుతున్నారని, భయపడి కొన్నవాళ్లు నిజం రాయడం లేదని కంపెనీ తేల్చింది. 2008లో అమ్మేవాళ్లు కొన్నవాళ్ల మీద చెడ్డగా రాసే వీలు తీసేసింది. అమ్మేవాళ్లు కొన్నాళ్లు సరుకు పెట్టడం మానేసి నిరసన తెలిపారు, ఫలితం లేకపోయింది. ‘‘డబ్బు కొంత వెనక్కిస్తావా, చెడ్డగా రాయమంటావా’’ అనే బెదిరింపు ఆ తర్వాత వాళ్లకు మామూలైంది. నన్నడిగితే ఈ బేరాల చరిత్రలో కొనేవాడిది పైచెయ్యి అయిన రోజు అదే.

మన దగ్గర బాజీ డాట్ కామ్ 2000లో వచ్చింది, 2004లో ఈబే దాన్ని కొనేసింది. ఆపైన క్వికర్, ఓఎల్ఎక్స్. ఇంట్లో మూలపడ్డది ఫొటో తీసి పెట్టెయ్యడమే, రుసుము లేదు, మాటల లెక్క లేదు. మా కౌంటర్లు వెలవెలబోవడం నా కళ్ల ముందే జరిగింది. దళారి వ్యాపారం ఈ సైట్లు తీసుకున్నాయి. దళారి గదమాయింపు మాత్రం తీసుకోలేదు.

మా అమ్మాయి ఒక సైట్లో డైనింగ్ టేబుల్ పెట్టింది. పెట్టిన గంటలోపే ‘‘ఉందా?’’, ‘‘లాస్ట్ ఎంత?’’, ‘‘సగానికి ఇస్తే ఇప్పుడే వస్తా’’. చూడను కూడా చూడకుండా లాస్ట్ ఎంత అనడం ఈ తరం బేరం. ఒకాయన ధర ఒప్పుకుని, టెంపో తెచ్చి, నాలుగు కుర్చీలు కిందికి దింపించాక కాలు మీద గీత ఉందని రెండు వేలు తగ్గించమన్నాడు. తగ్గించనంది. వాడు కుర్చీలు సెల్లార్‌లోనే వదిలేసి వెళ్లి, ఆ రాత్రి నుంచి వేరు వేరు నంబర్ల నుంచి వాట్సాప్ వీడియో కాల్స్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఇంటి తలుపు చూసిపోయాడు కదా, అదే మా అమ్మాయికి నిద్ర పట్టనివ్వలేదు.

ఇంకో జాతి ఉంది, సతాయింపు ముసుగులో దొంగతనం. సైన్యంలో ఉన్నానంటాడు, గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు, బేరమే ఆడడు, అక్కడే అనుమానం రావాలి. డబ్బు పంపుతున్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటాడు. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత ఇది ఊపందుకుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వైపు నుంచి నడిపే ముఠాలను మన పోలీసులు వెళ్లి పట్టుకొచ్చారు. పిన్ పంపడానికే తప్ప తీసుకోవడానికి అక్కర్లేదన్నది తెలియక పోగొట్టుకున్నవాళ్లలో నాతో పనిచేసినవాళ్లూ ఉన్నారు. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే అంత నయం.

చట్టం కూడా వేధింపు వెనకే నడుస్తూ వచ్చింది. నొప్పించే సందేశాలు పంపడాన్ని నేరం చేస్తూ 2009లో అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను, మరీ విస్తారంగా ఉందని, సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. మాకు పనికొచ్చింది 2013లో శిక్షాస్మృతిలో చేరిన 354డి, ఇప్పటి న్యాయ సంహితలో 78. ఆడమనిషి తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా మగవాడు పదే పదే సంప్రదిస్తే నేరమని అది చెబుతుంది. అందుకే మా అమ్మాయితో ఒకే ఒక్క మెసేజ్ పెట్టించాను: ‘అమ్మడం లేదు, ఇక మీదట నన్ను సంప్రదించవద్దు.’ తిట్లు లేవు, వివరణ లేదు. తర్వాత వచ్చినవన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పోలీసుల షీ టీమ్స్‌కు వాట్సాప్‌లో పంపాం. హైదరాబాదులో 2014 అక్టోబరు నుంచీ ఆ బృందాలు ఉన్నాయి. అతన్ని పిలిపించి మాట్లాడారు, కాల్స్ ఆగాయి. వేధింపు పడేది మగవాడైతే ఈ సెక్షన్ వర్తించదు, బెదిరిస్తే బెదిరింపు కింద పెట్టుకోవాలి. మా అల్లుడికి ఈ తేడా చెబితే కాసేపు నొచ్చుకున్నాడు.

టేబుల్ చివరికి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అమ్మిపెట్టాడు. ఇప్పుడు బ్లాకులో ఎవరు ఏది అమ్మినా ఆయన చేతి మీదుగానే. సామాను సెల్లార్‌లో పెడతారు, ప్రకటనలో ఆయన నంబరు, ఫ్లాటు నంబరు ఎవరికీ చెప్పడు. ధర తగ్గించమంటే ‘‘అమ్మగారు ఊళ్లో లేరు, నాకు చెప్పింది ఇంతే’’ అంటాడు. డబ్బు ఓనరు ఖాతాలో పడిందని పైనుంచి ఫోన్ వచ్చేదాకా తాడు విప్పనివ్వడు. అమ్మిపెట్టినందుకు ఆయనకు కుర్చీలకు వంద, సోఫాకు మూడొందలు. లిఫ్టులో పట్టనివాటికి వేరే రేటు, దాని మీద మాత్రం బేరం లేదు.