ఇంకెన్ని గడియలు?

హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర కాకతీయ రుద్రదేవుడు వేయించిన శాసనంలో తేదీ ఇలా ఉంటుంది: శక సంవత్సరం 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. మన లెక్కలో అది 1163 జనవరి 19, శనివారం. యాభై ఏళ్ల తర్వాత పాలంపేటలో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి శాసనం వేయించాడు. దాని తేదీ శక సంవత్సరం 1135, శ్రీముఖ, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం, పుష్యమి నక్షత్రం. అంటే 1213 మార్చి 31. ఇవాళ లెక్కగట్టి చూసినా రెండు చోట్లా వారం తప్పదు. సంవత్సరం పేరు, తిథి, వారం, నక్షత్రం వేటికవే నడిచే లెక్కలు. అవన్నీ ఒకే రోజు దగ్గర కలిస్తేనే తేదీ నిలుస్తుంది, ఒకటి తప్పితే మిగతావి పట్టిస్తాయి.

ఇంత జాగ్రత్తగా తేదీ చెక్కించినవాళ్లు ఆ రోజు కోసం ముందు నుంచీ రోజులు లెక్కపెట్టుకునే ఉంటారు. శంకుస్థాపనకో ప్రతిష్ఠకో ముహూర్తం పెట్టారంటే ఆ క్షణానికి శిల్పి, పురోహితుడు, దాత, ఊరి జనం అందరూ ఒకచోట ఉండాలి. జరిగిపోయినదాన్ని రాతి మీద రాయడానికి తేదీ చాలు. జరగబోయేదానికి ‘ఇంకెంతసేపు’ అని చెప్పే సాధనం కావాలి. ఫోన్లో చాట్ బృందాలు పెళ్లికో, పండుగకో, ఆటల పోటీకో పెట్టుకుంటున్న కౌంట్‌డౌన్ టైమర్ ఆ సాధనానికి తాజా రూపం. దాని పూర్వరూపం ఒక రాగిగిన్నె.

మునిగే గిన్నె

దాని పేరు గడియకుడుక. అర్ధగోళంలా ఉండే పలుచని రాగిగిన్నెకు అడుగున సన్నని రంధ్రం చేస్తారు. నీళ్లు నింపిన పెద్ద పాత్రలో దాన్ని తేలేస్తే కింది నుంచి నీరు మెల్లగా ఎక్కుతుంది. గిన్నె నిండి మునిగితే ఒక గడియ. పగలూ రాత్రీ కలిపి అరవై సార్లు మునగాలి. ఆ లెక్కన గడియకు 24 నిమిషాలు, రెండున్నర గడియలకు గంట, ఏడున్నర గడియలకు జాము. గడియలో అరవయ్యో వంతు విఘడియ, అంటే 24 సెకన్లు.

గిన్నె కొలతలు కూడా శాస్త్రగ్రంథాల్లో ఉన్నాయి. ఎనిమిదో శతాబ్దపు జ్యోతిశ్శాస్త్రవేత్త లల్లుడు పది పలాల రాగి, ఆరంగుళాల ఎత్తు, పన్నెండంగుళాల మూతి ఉండాలన్నాడు. రంధ్రం చేసే సూదికి బంగారం ఎన్ని మాషాలు వాడాలో, దాన్ని ఎన్ని అంగుళాల పొడవు సాగదీయాలో కూడా చెప్పాడు. అసలు కిటుకంతా ఆ సూదిలోనే ఉంది, ఎందుకంటే రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గడియ కురచైపోతుంది. చేసే మనిషికి ఆచరణలో తేలికైన దారి మరొకటుంది: రంధ్రాన్ని కొద్దికొద్దిగా సవరిస్తూ, రోజుకు సరిగ్గా అరవై సార్లు మునిగేదాకా సరిచూసుకోవడం. నీళ్లలో నలక పడినా, నీళ్లు బాగా చల్లబడినా లెక్క తేడా వస్తుంది కాబట్టి గిన్నె పక్కన మనిషి మెలకువగా ఉండాల్సిందే.

ఆ మెలకువ ఎంత అవసరమో చెప్పే కథ ఒకటి దేశమంతా తిరిగింది. భాస్కరాచార్యుడు కూతురు లీలావతి పెళ్లికి ఒకే ఒక్క శుభఘడియ ఉందని గణించి గిన్నెను తేలేశాడట. పెళ్లికూతురు ఆత్రంగా తొంగిచూసేసరికి నగలోని ముత్యం జారి గిన్నెలో పడి రంధ్రానికి అడ్డుపడింది. ఎంతసేపు చూసినా గిన్నె మునగలేదు. తెలుసుకునేలోపు ముహూర్తం దాటిపోయింది. భాస్కరాచార్యుడు రాసిన ‘లీలావతి’ గణితగ్రంథాన్ని 1587లో పారశీకంలోకి తెచ్చిన అక్బరు ఆస్థానకవి ఫైజీ ఈ కథను చెప్పాడు. ఇది చరిత్రగా నిలవదు, కానీ ఇందులోని భయం మాత్రం నిజమైనది. ఎదురుచూసే క్షణానికి ఒకే పరికరాన్ని నమ్ముకుని, అది ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియకపోతే ఏమవుతుంది? చాట్ బృందానికి టైమర్ పెట్టేవాళ్లు ఇప్పటికీ వేసుకోవలసిన ప్రశ్న ఇదే.

బాబరు చేసిన సవరణ

గిన్నె చూసేది ఒక్కడే, కాలం తెలియాల్సింది ఊరందరికీ. అందుకే ఇత్తడి పళ్లాన్ని వేలాడదీసి గడియగడియకూ మోగించేవారు. ఈ ఏర్పాటును బాబరు తన స్వీయచరిత్రలో వివరంగా రాశాడు. జాము మొదలైనప్పటి నుంచీ ఎన్ని గడియలు గడిస్తే అన్ని దెబ్బలు కొట్టేవారు, కొత్త జాముతో లెక్క మళ్లీ ఒకటికి వచ్చేది. నడిరాత్రి నిద్రలేచినవాడికి మూడు దెబ్బలు వినిపిస్తాయి, అది ఏ జామో మాత్రం తెలియదు. గడియల దెబ్బలయ్యాక కాస్త ఆగి, జాము సంఖ్యను కూడా కొట్టమని బాబరు ఆజ్ఞాపించాడు.

చిన్న మార్పే, కానీ వినేవాడి వైపు నుంచి ఆలోచించి చేసినది. ‘ఇంకా మూడు’ అంటే చాలదు. మూడు రోజులా, మూడు గంటలా, ఎక్కడి నుంచి లెక్క? మధ్యలో వచ్చినవాడికి కూడా అర్థమయ్యేలా చెప్పినప్పుడే అది అందరి లెక్క అవుతుంది.

సున్నాకు చేరే లెక్క

పది, తొమ్మిది, ఎనిమిది అంటూ సున్నాకు దిగే రివాజును జనంలోకి తెచ్చినవాటిలో ఒక సినిమా ఉంది. 1929లో జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ చంద్రయాత్ర మీద తీసిన మూకీ చిత్రంలో రాకెట్ ఎగిరే ముందు అంకెలు వెనక్కి నడుస్తాయి. తర్వాత నిజం రాకెట్లూ అదే బాట పట్టాయి. తెలుగునేల మీద ఆ లెక్కకు నెలవు శ్రీహరికోట. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి.

2019 జూలై 15 తెల్లవారుజామున 2.51కి చంద్రయాన్-2 ఎగరాలి. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా లెక్క ఆపేశారు. సాంకేతిక లోపం కనబడింది. దాన్ని సరిదిద్ది వారం తిరిగేసరికి, జూలై 22 మధ్యాహ్నం 2.43కి విజయవంతంగా పంపారు. 2023 జూలైలో చంద్రయాన్-3కి కౌంట్‌డౌన్ ఇరవై అయిదున్నర గంటలు సాగింది. అన్ని గంటలూ ఇంధనం నింపడం, ఒత్తిడి చూడడం, తలుపులు మూయడం వంటి పనులు ఒక్కో అంకెకూ కట్టి ఉంటాయి. పని పూర్తికాకపోతే అంకె ఆగుతుంది. ఆగగలగడమే ఆ లెక్కకున్న గొప్పదనం.

ఎవరి గడియారం?

ఇక చాట్ సంగతి. ‘శనివారం రాత్రి 8కి అందరూ రండి’ అని హనుమకొండ నుంచి ఒకరు రాస్తే, డాలస్‌లో ఉన్న తమ్ముడికి, మెల్‌బోర్న్‌లో ఉన్న మేనకోడలికి ఆ ఎనిమిది ఎప్పుడు? మన దేశానికి 1906 జనవరి 1 నుంచి ఒకే ప్రామాణిక సమయం ఉంది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. వరంగల్ అక్కడికి పడమటగా ఉండడంతో ఇక్కడ సూర్యుడు గడియారం కంటే దాదాపు 12 నిమిషాలు వెనక నడుస్తాడు. పంచాంగంలో ఊరూరికీ సూర్యోదయం వేరుగా ఇచ్చేది అందుకే. డాలస్‌కీ మనకూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. మార్చిలో వాళ్లు గడియారం ముందుకు జరుపుకోగానే అది పదిన్నర అవుతుంది. సంక్రాంతికి కుదిరిన లెక్క ఉగాదికి కుదరదు.

కంప్యూటర్లు దీన్ని ఒకే సంఖ్యతో తేల్చేశాయి. 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు ఎన్నో అదే ఆ క్షణం పేరు. వరంగల్‌లో 2027 జనవరి 1 అర్ధరాత్రి పన్నెండు గంటల క్షణం సంఖ్య 1798741800. అప్పుడు డాలస్‌లో డిసెంబరు 31 మధ్యాహ్నం 12.30, లండన్‌లో సాయంత్రం 6.30, మెల్‌బోర్న్‌లో జనవరి 1 తెల్లవారుజామున 5.30. సంఖ్య ఒకటే, చూపించే తీరు ఎవరి ఊరికి తగ్గట్టు వారికి.

2015లో వచ్చిన చాట్ వేదిక డిస్కార్డ్‌లో మొదట్లో చాలామంది తనంతట తానే పనిచేసే ప్రోగ్రామైన బాట్‌ను రాసి, ‘ఇంకా ఇంత సమయం’ అనే సందేశాన్ని అది పదేపదే మార్చేలా పెట్టేవారు. సెకనుకోసారి మార్చబోతే సర్వర్ అడ్డుకుంటుంది. బాట్ నడిచే కంప్యూటర్ ఆగితే లెక్క కూడా ఆగి, ముత్యం అడ్డుపడ్డ గిన్నె కథే పునరావృతం. ఇప్పుడు అక్కడ తేలికైన పద్ధతి ఉంది. కోణపు బ్రాకెట్ల మధ్య ఇంగ్లిష్ చిన్న టీ అక్షరం, కోలన్, ఆ సెకన్ల సంఖ్య, మళ్లీ కోలన్, పెద్ద ఆర్ అక్షరం రాస్తే చాలు. చదివే ప్రతివారి తెరమీదా ‘ఇంకా మూడు రోజులు’, ‘ఇంకా రెండు గంటలు’ అని దానంతటదే మారుతూ కనిపిస్తుంది. ఆర్ స్థానంలో పెద్ద ఎఫ్ పెడితే పూర్తి తేదీ, వారం, సమయం వస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టడం మంచిది. బాబరు గడియతోపాటు జామును కూడా కొట్టమన్నది ఇందుకే. మిగిలిన సమయాన్ని పంపే బదులు ఆ క్షణాన్నే పంపి లెక్కను ఎవరి ఫోనుకు వారికి వదిలేయడమే ఈ పద్ధతిలోని తెలివి.

మేడారం బుధవారాలు

సాధనం ఎంత కచ్చితమైనా, నడుమ రోజుల్లో జనం ఏం చేయాలో అది చెప్పదు. ఆ విద్యకు మనకు దగ్గరలోనే పెద్దబడి ఉంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గరపడే వారంలో జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ దేవతల జాతరకు కోయ పెద్దలు బుధవారాలతో లెక్క కడతారు. రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె: గుడి శుద్ధి చేసి, అడవి నుంచి తెచ్చిన గడ్డితో కప్పే తంతు. ఆ తర్వాతి బుధవారం మండమెలిగె: పొలిమేరల్లో తోరణాలు, రాత్రి జాగారం. మూడో బుధవారం సారలమ్మ కన్నెపల్లి నుంచి గద్దెకు చేరుతుంది. గురువారం సమ్మక్క చిలకలగుట్ట దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి వందనం చేస్తారు. శుక్రవారం మొక్కులు, బంగారమని పిలిచే బెల్లాన్ని నిలువెత్తుగా తూచి సమర్పించడం. శనివారం వనప్రవేశం. మరుసటి బుధవారం తిరుగువారం. 2024లో ఈ బుధవారాలు ఫిబ్రవరి 7, 14, 21, 28.

జాతర కోసం లక్షల మంది దారిపడతారు. ఎడ్లబండి కట్టుకుని బయల్దేరిన కాలంలో అయినా, హనుమకొండ నుంచి ప్రత్యేక బస్సు ఎక్కే ఈ రోజుల్లో అయినా, ఎవరు ఎప్పుడు కదలాలో ఈ వరసే చెబుతోంది. ఇక్కడ ఏ రోజూ ఖాళీ అంకె కాదు, ప్రతి మెట్టుకూ చేయాల్సిన పని ఉంది, ఆ పనికి మనుషులున్నారు. జరగాల్సింది అయిపోయాక తిరుగువారంతో లెక్కను ముగించే పద్ధతి కూడా ఉంది. మన టైమర్లు చాలావరకు సున్నా దగ్గరే ఆగిపోతాయి. వచ్చినవాళ్లకు కృతజ్ఞత చెప్పడం, అప్పులు తీర్చడం, ఫొటోలు పంచుకోవడం వాటి లెక్కలో ఉండవు.

చాట్ బృందంలో టైమర్ పెట్టే కుర్రవాళ్లకు కొన్ని మాటలు చెప్పాలనిపిస్తుంది. క్షణాన్ని ఒకే సంఖ్యగా రాయండి, ఎవరి ఊరి సమయం వారికి కనిపిస్తుంది. మధ్యలో చేరినవారికీ అర్థమయ్యేలా తేదీని పక్కనే ఉంచండి. అన్నిటికంటే ముఖ్యంగా, పదిహేను రోజులకూ, వారానికీ, ముందురోజుకూ ఒక్కో పని, ఒక్కో మనిషి పేరు రాసిపెట్టండి. పని తెమలకపోతే శ్రీహరికోటలోలా లెక్క ఆపి కొత్త సమయం ప్రకటించడానికి వెనకాడకండి. అంకెలు తగ్గుతుంటే చూసి సంబరపడడం ఎవరైనా చేస్తారు. ఆ అంకెలతో దూరదూరాన ఉన్న పదిమందిని ఒక పనిలో నిలబెట్టగలిగితేనే అది ఉమ్మడి పండుగ అవుతుంది.