మన మెట్ట ప్రాంతంలో క్రిస్మస్ పాఠం

మన బడిలో చదివిన ఏ తరం వారిని కదిపినా, డిసెంబరు అనగానే అర్ధ సంవత్సర పరీక్షలు, ఆ వెంటనే క్రిస్మస్ గుర్తొస్తాయి. మిషన్ బడుల్లో చదివిన మిత్రులకు క్రిస్మస్ సెలవులు ఎక్కువ, సంక్రాంతి సెలవులు తక్కువ. మిగతా బడుల వారికి దీనికి తలకిందులు. సెలవు ఏ తారీఖున వస్తుందో అందరికీ తెలుసు. ఆ పండుగకు క్రైస్తవులు చెప్పుకునే అర్థం ఏమిటో చెప్పమంటే మాత్రం, క్రైస్తవ ఇళ్ళలో పెరిగిన పిల్లలు కూడా కొందరు తడబడతారు. నక్షత్రం, కేకు, ఎర్ర అంగీ తొడిగిన క్రిస్మస్ తాత వరకు వచ్చి ఆగిపోతారు. నందిగామ, జగ్గయ్యపేట వైపు పల్లెల్లో ఈ పాఠం పిల్లలకు ఎలా అందిందో చెప్పుకోవడానికి స్వర్ణోత్సవ సంచిక తగిన చోటు. ఎందుకంటే ఆ చరిత్ర బడి చరిత్ర కూడా.

మత విషయాన్ని చదువురాని వారికి, పిల్లలకు కథగా చెప్పడం మన నేలకు కొత్త కాదు. జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. అక్కడి బౌద్ధ స్తూపం పలకల మీద మాంధాత చక్రవర్తి బొమ్మను శిల్పులు రెండు వేల ఏళ్ళ క్రితమే చెక్కారు. ఆ పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో తిరుపతమ్మ కథ విని పెరగని పిల్లలు మనలో తక్కువ. క్రిస్మస్ కథ కూడా ఇక్కడ ఈ దారిలోనే నడిచింది. అయితే మొదట అది వేరే దారి పట్టింది.

బందరులో మొదటి ప్రయత్నం

చర్చి మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో బందరు చేరారు. నోబుల్ 1843లో అక్కడ బడి పెట్టారు. అగ్రవర్ణాల పిల్లలకు ఇంగ్లీషు చదువుతో పాటు బైబిలు కూడా పాఠంగా చెప్పాలని, పైవారు మారితే కిందివారూ మారతారని ఆయన నమ్మకం. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించారు. బడి దాదాపు ఖాళీ అయింది. తరువాత మళ్ళీ నిండింది. కాని అంటరానివారిగా ఎంచిన కులాల పిల్లలను మాత్రం నోబుల్ చేర్చుకోలేదు. వారిని చేర్చుకుంటే మిగిలినవారు రారని ఆయన వాదన.

చోటు లేక పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ కథ, కొందరికి చోటు లేని తరగతి గదిలో చెప్పవలసి వచ్చింది. నోబుల్ మంచి ఉపాధ్యాయుడని, జీవితమంతా ఆ బడికే ఇచ్చారని శిష్యులు చెప్పుకున్నారు. ఆయన శ్రమను తక్కువ చేయనక్కరలేదు. కానీ పాఠానికీ గదికీ పొసగకపోతే పిల్లలు గదినే నేర్చుకుంటారన్నది ఉపాధ్యాయులకు తెలిసిన సంగతే.

రాఘవాపురం

రెండో దారి మన నందిగామ దగ్గర రాఘవాపురంలో మొదలైంది. అక్కడి మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్య, విగ్రహాలు దేవుడు కావని ఒక స్నేహితుడి ద్వారా విని, ఏళ్ళ తరబడి పేరు తెలియని దేవునికి ప్రార్థన చేస్తూ వచ్చాడు. 1859లో బెజవాడలో సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగును కలిశాడు. ఆ ఏడాదే ఆయన, ఆయన వారు కొందరు బాప్తిస్మం పొందారు. మెట్ట ప్రాంతంలో మాల, మాదిగ పల్లెల్లో క్రైస్తవం వ్యాపించడానికి అది ఆరంభం. బందరు పండితులు తర్కించిన కథను రాఘవాపురం వారు తమ కథగా విన్నారు. అందులో వారు అనుకున్నదీ న్యాయమే. లూకా సువార్తలో పుట్టుక కబురు మొదట అందింది రాజుకు కాదు, పూజారికి కాదు, రాత్రివేళ పొలంలో మంద కాసే గొర్రెల కాపరులకు.

ఆ పల్లెలకు బడి, గుడి కలిసే వచ్చాయి. పగలు అక్షరాలు దిద్దించిన పంతులే సాయంత్రం కూలి నుంచి వచ్చిన పెద్దలకు, పిల్లలకు ప్రార్థన నేర్పేవారు. ఉపదేశి, ఉపాధ్యాయుడు చాలాచోట్ల ఒక్కరే. పలక పట్టడానికి వీలులేని కులాల పిల్లలకు, చాలామందికి, మొదటి బడి అదే.

పాట, కంఠపాఠం, వేషం

చదువు రానివారికి నేర్పాలంటే చెవి, నోరు, కాళ్ళు మూడింటికీ పని పెట్టాలి. మొదటిది పాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు కర్ణాటక రాగాల్లో, తాళాల్లో తెలుగు కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ కీర్తన పైన రాగం, తాళం ఉంటాయి. పుస్తకం తెరవలేని అవ్వ కూడా పాట అందుకుంటే మనవడు వెనక పాడేవాడు. అలా సిద్ధాంతం పాటలో ఇమిడి ఇంటికి చేరింది.

రెండోది కంఠపాఠం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.యస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. 1920 తర్వాత కృష్ణా జిల్లా సి.ఎం.ఎస్. ప్రాంతమూ ఆ డయోసీసులో చేరింది. బాప్తిస్మానికి ముందు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలని, సువార్త కథలు చెప్పగలగాలని ఆయన పట్టుబట్టారు. పాటలు, భజనలు, నాటకాలు వంటి మన పద్ధతులనే వాడుకోమన్నారు. ఆయన కట్టించిన దోర్నకల్ కెథెడ్రల్‌ను 1939 జనవరి 6న, జ్ఞానులు శిశువును దర్శించిన పండుగ రోజున ప్రతిష్ఠించారు. దాని కట్టడంలో హిందూ, ముస్లిం నిర్మాణ రీతులు కలిసి కనిపిస్తాయి.

మూడోది వేషం. దుప్పటి కప్పుకుంటే కాపరి, అట్ట కిరీటం పెట్టుకుంటే జ్ఞాని. కథోలిక చర్చిల్లో పశువుల పాక కట్టే ఆచారం 1223లో ఇటలీలో అస్సీసీ ఫ్రాన్సిస్ చేసిన ప్రదర్శనతో ప్రాచుర్యం పొందింది. బెజవాడ ప్రాంతంలో పనిచేసిన కథోలిక ఫాదర్లు కూడా ఇటలీ వారే. గడ్డితో పాక కప్పడానికి మన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు గనుక ఆ ఆచారం ఇక్కడ ఇట్టే ఇమిడింది.

పాఠంలో చిక్కు ముళ్ళు

వేషాలు ఇష్టం కొద్దీ వేస్తారు కాని, పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడే అర్థం బయటపడుతుంది. "జ్ఞానులు ముగ్గురేనా?" సువార్తలో లెక్క లేదు, కానుకలు మూడు గనుక ముగ్గురన్నారు. "డిసెంబరు 25నే పుట్టాడా?" సువార్తల్లో తేదీ లేదు, రోమ్‌లో 336 నాటికి ఆ రోజున పండుగ చేసుకున్నట్టు ఆధారం ఉంది. "బంగారం, సాంబ్రాణి సరే, బోళం ఎందుకు?" బోళం చేదు బంక, శవానికి పూసే సుగంధ ద్రవ్యాల్లో ఒకటి. ఈ బిడ్డ మరణం కూడా కథలో భాగమని సూచనగా పెద్దలు చెబుతూ వచ్చారు. అందుకే మంచి శుక్రవారం, ఈస్టరు లేకుండా క్రైస్తవులకు క్రిస్మస్ పూర్తి కాదు.

అన్నిటికంటే కష్టమైనది "అవతారం" అన్న మాట. దశావతారాలు తెలిసిన పిల్లవాడు ఇది పదకొండోదా అని అడుగుతాడు. దేవుడు ఒక్కసారే, వేషంగా కాక ఆకలి, నిద్ర, కన్నీరు ఉన్న నిజమైన మనిషిగా పుట్టాడన్నది క్రైస్తవుల నమ్మకం. ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడు. పోలికను కాదనకుండా తేడాను చెప్పగలిగిన పంతులు రెండు మతాలనూ గౌరవించినట్టే.

నేటి తరగతి గది

ఇప్పుడు బడుల్లో "సెమీ క్రిస్మస్" పేరుతో కార్యక్రమాలు జరుగుతున్నాయి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండరాదు. గ్రాంటు పొందే బడిలోనైనా, పిల్లల సంరక్షకుల సమ్మతి లేనిదే మతబోధకు హాజరు కమ్మనరాదు. ఇది మంచి నియమం. దీన్ని సాకుగా చేసుకుని అర్థాన్నే తీసేసి చాక్లెట్లు పంచి సరిపెట్టడం మాత్రం మంచిది కాదు. "నమ్మండి" అనడం బోధ. "క్రైస్తవులు ఇలా నమ్ముతారు" అనడం చదువు. రంజాన్ ఉపవాసం గురించి, ఉగాది పచ్చడి గురించి ఎలా చెబుతామో దీని గురించీ అలాగే చెప్పవచ్చు. బెంచీ మీద పక్కన కూర్చున్నవాడి పండుగ అర్థం తెలియకుండా పదేళ్ళు కలిసి చదివితే ఆ చదువులో లోటున్నట్టే.

క్రైస్తవ తల్లిదండ్రులకూ ఒక మాట. ఉపదేశి పంతులు సాయంత్రం చేసిన పనిని ఇవాళ బడి చేయదు, చేయకూడదు. అది ఇంటికి, ఆదివారపు బడికి తిరిగి చేరింది. అవ్వ నేర్పిన కీర్తన ఫోనులో మోగితే చాలదు. పిల్లల నోటికి రావాలి, దాని అర్థం వారికి తెలియాలి.

బందరు బడికీ రాఘవాపురం పల్లెకూ మధ్య తేడాను మన ఉపాధ్యాయ మిత్రులు గుర్తుంచుకోవాలని ఈ వ్యాసం ఉద్దేశం. క్రిస్మస్ కథలో పిల్లలకు మొదట తగిలే సంగతి సత్రంలో చోటు లేకపోవడం. ఆ కథ చెప్పే ముందు మన గదిలో ఎవరికి చోటు లేదో ఒకసారి చూసుకుంటే సగం పాఠం చెప్పినట్టే.