ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో నెలసరి ఆరోగ్యం

హైదరాబాద్ తూర్పున, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్న ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లోనూ వాటిని ఆనుకొని పెరిగిన బస్తీల్లోనూ పేద స్త్రీల నెలసరి అవసరాల చరిత్ర చాలావరకు కేంద్ర, రాష్ట్ర పథకాల చరిత్రే.

ముట్టు, మైల, బయటుండటం అని పేర్లు ఎన్ని ఉన్నా, మూడు రోజులు విడిగా కూర్చుని నాలుగో రోజు తలస్నానం చేయడం అనేక తెలుగు ఇళ్లలో శతాబ్దాల ఆచారం. పాత చీర చింపిన గుడ్డే సాధనం. పల్లెలో దాన్ని ఆరేసుకోవడానికి పెరడైనా ఉండేది. ఫ్యాక్టరీ పనికి వచ్చి ఒంటిగది అద్దె ఇంట్లో చేరినవారికి నలుగురూ వాడుకునే దండెమే దిక్కు. దానిమీద ముట్టుగుడ్డ వేయలేక మరో బట్ట చాటున నీడలో ఆరబెట్టుకుంటే తడి పూర్తిగా పోదు. ఒరిపిడి, దురద పట్టుకుంటాయి.

మొదటి ప్రపంచయుద్ధంలో గాయాల కట్లకు వాడిన చెక్కగుజ్జు దూదితో 1920లో అమెరికాలో కోటెక్స్ ప్యాడ్లు అమ్మకానికి వచ్చాయి. మన దేశంలో అవి చాలాకాలం మధ్యతరగతి సరుకుగానే మిగిలాయి. ధర తగ్గించే దారి చూపినవాడు కోయంబత్తూరుకు చెందిన అరుణాచలం మురుగానందం. ఆయన తయారుచేసిన చిన్న యంత్రం స్వయం సహాయక బృందాలు నడుపుకోగలిగినంత సులువైనది. 2016లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

కేంద్ర ప్రభుత్వం 2011లో 10–19 ఏళ్ల బాలికలకు ఆశా కార్యకర్తల ద్వారా 'ఫ్రీడేస్' పేరుతో ఆరు ప్యాడ్ల ప్యాకెట్‌ను ఆరు రూపాయలకు అమ్మించడం మొదలుపెట్టింది. ప్యాకెట్‌కు ఒక రూపాయి ఆశాకు దక్కేది. అయితే ఆ పథకం పల్లెల కోసం పెట్టింది. ఉప్పల్ 2007లోనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిపోయింది. కాగితం మీద నగరవాసి అయిన బస్తీ పిల్లకు ఆ ఆరు రూపాయల ప్యాకెట్ వర్తించలేదు.

2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు బొట్టుబిళ్లలకు, గాజులకు పన్ను లేదు. ప్యాడ్లకు 12 శాతం వేశారు. దేశవ్యాప్త నిరసనల తర్వాత 2018 జులైలో ఆ పన్ను ఎత్తేశారు. అదే ఏడాది జూన్‌లో జన ఔషధి కేంద్రాలలో 'సువిధ' ప్యాడ్ రెండున్నర రూపాయలకు వచ్చింది. 2019 ఆగస్టు 27 నుంచి దాని ధర ఒక్క రూపాయి. తెలంగాణ ప్రభుత్వం 2018లో సర్కారు బడుల బాలికలకు ప్యాడ్లు, సబ్బు వంటివి కలిపి 'బాలికా ఆరోగ్య రక్ష' కిట్లు ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 5న మొదలైన 'స్వేచ్ఛ' కార్యక్రమం 7–12 తరగతుల బాలికలకు నెలకు పది ప్యాడ్లు ఇవ్వాలన్న మెచ్చదగ్గ ప్రయత్నం. 2020 లాక్‌డౌన్ తొలిరోజుల్లో ప్యాడ్లు నిత్యావసరాలో కావో తేలక సరఫరా చిక్కుల్లో పడింది. మార్చి 29న కేంద్ర హోంశాఖ అవి కూడా నిత్యావసరాలేనని స్పష్టం చేసింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–24 ఏళ్ల స్త్రీలలో పరిశుభ్రమైన సాధనాలు వాడేవారు దేశంలో 77.3 శాతం, తెలంగాణలో 92.1 శాతం. ఒక్కో ప్యాడ్‌ను ఎన్ని గంటలు ఉంచుకుంటున్నారో ఈ అంకె చెప్పదు. మరో అంకె కలవరపెట్టేది: 15–49 ఏళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.3 శాతమైతే తెలంగాణలో 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. అధిక రక్తస్రావం, నొప్పి ఇందుకు ప్రధాన కారణాలుగా చెబుతారు. అవసరం లేని ఆపరేషన్లపై తొలినాళ్లలోనే గొంతెత్తినవారిలో హైదరాబాద్ వైద్యులు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ ముఖ్యులు.

ఉచిత పంపిణీ పథకాలు ఎక్కువగా బడి చుట్టూనే తిరిగాయి. చదువు ముగించి ఫ్యాక్టరీకో ఇళ్లలో పనికో వెళ్లే స్త్రీ వాటి పరిధిలో లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలంది. ఇళ్లలో పనిచేసేవారికి, అడ్డా కూలీలకు ఆ చట్టమూ వర్తించలేదు. వాడిన ప్యాడ్లను విడిగా చుట్టి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. చుట్టకుండా వేసినవాటిని చేతులతో ఏరవలసింది చెత్త సేకరించేవారే. నగరం చెత్త చివరికి చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు. రూపాయి ప్యాడ్‌కు మాత్రం వయసు, బడి, రేషన్ కార్డు షరతులు లేవు; జన ఔషధి కేంద్రంలో 'సువిధ' అని అడిగి ఎవరైనా కొనుక్కోవచ్చు.